అంతరించిన కళాకారుడి చిరునామా

దృశ్యకళల శాఖలో పరిశోధన చేయదలచినవారు ముందుగా ఒక దరఖాస్తు నింపాలి. అందులో తొమ్మిదో గడి "పరిశోధనలో తేలబోయే సంగతులు". ఏం తేలుతుందో ముందే తెలియనివారికి అనుమతి ఇవ్వరు. తెలిశాక ఇక పరిశోధన దేనికని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని బయటివాళ్ళు ఎగతాళికి అంటారుగానీ ఆ శాఖలో అది పద్ధతి.

మన పరిశోధకురాలు బుద్ధిమంతురాలు. దుకాణాలకు చేత్తో రాసే బోర్డుల కళను ఎంచుకుని, తొమ్మిదో గడిలో "ఈ కళ పూర్తిగా అంతరించింది" అని గుండ్రంగా రాసింది. గైడుగారు మెచ్చుకున్నారు. బతికున్న కళను ఎవరూ పట్టించుకోరనీ, పోయినదంటేనే అందరికీ సానుభూతి పుడుతుందనీ ఆయన అనుభవం. కమిటీవారు పదకొండు నెలలు ఆలోచించి, శీర్షికలో ఒక కామా తీసేసి ఆమోదించారు.

రెండేళ్ళు ఆమె గ్రంథాలు చదివింది. అవన్నీ ఒకదాన్నొకటి సాక్ష్యం పిలుచుకుంటూ కళ పోయిందని ముక్తకంఠంతో చెప్పాయి. వాటిని రాసినవాళ్ళెవరూ వీధిలోకి వెళ్ళిన దాఖలాలు మాత్రం లేవు.

మూడో ఏడు నిబంధన ప్రకారం ఆమె వీధిలోకి వెళ్ళింది. బస్టాండు వెనక సందులో ఒక పెద్దాయన నిచ్చెన మీద నిలబడి చెప్పుల దుకాణానికి బోర్డు రాస్తున్నాడు. సుద్ద గీతల మధ్య అక్షరాలకు ఎరుపు నింపి, పక్కన నల్లటి నీడ దిద్దుతున్నాడు. కింద కూతురు రంగు కలుపుతోంది. పక్క సందులో ఇంకో ముగ్గురున్నారట. ఆమె మూడేళ్ళ కష్టం నిచ్చెనెక్కి కూచుంది.

అయినా నెల్లాళ్ళు ఆయన దగ్గర కూచుని అంతా రాసుకుంది. ఆయన విసుక్కోకుండా చెప్పి, చివర్లో ఒక్కటే కోరాడు.

"నేనున్నానని రాయమ్మా. అడ్రసు కూడా వెయ్యి. ఫ్లెక్సీలొచ్చాక మేమింకా ఉన్నామనే జనానికి తెలియట్లేదు. తెలిస్తే వస్తారు."

"తప్పకుండా రాస్తాను బాబాయ్," అంది. మనస్ఫూర్తిగానే అంది.

గైడుగారు సంగతి విని బాధపడ్డారు.

"ఆయన ఉండటం ఆయన తప్పు కాదమ్మాయ్. కానీ తొమ్మిదో గడి మారిస్తే మళ్ళీ మొదటినుంచీ నమోదు చేసుకోవాలి. నీకు ఉద్యోగానికి వయసు గడువు వచ్చే ఏటితో సరి కదా?"

దయగల మనిషి కాబట్టి ఆయనే దారి వెతికారు. అంతరించిన కళకు చిట్టచివరి కళాకారుడు ఒకడు ఉండటానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. ఒక్కడే. గుడ్డికన్నా మెల్ల నయమనుకుంది పరిశోధకురాలు. కూతురు సహాయకురాలైంది. పక్క సందు ముగ్గురూ పేజీ అడుగున చిన్నక్షరాల్లోకి దిగి, చోటు చాలక అక్కడినుంచీ వెళ్ళిపోయారు.

పట్టా వచ్చింది, సభ జరిగింది. "ఈ చిట్టచివరి దీపాన్ని మనం కంటికి రెప్పలా కాపాడుకోవాలి!" అని ఉపకులపతిగారు గద్గద స్వరంతో అన్నారు. పత్రికల్లో పెద్దాయన ఫొటో, అడ్రసు డోరు నంబరుతో సహా పడ్డాయి. మాట నిలబెట్టుకున్నందుకు ఆమెకు కళ్ళు చెమర్చాయి.

ఆయన అన్నట్టే జనం వచ్చారు. విద్యార్థులు, ఫొటోలవాళ్ళు, కళాభిమానులు వచ్చి, ఆయన్ని నిచ్చెన ఎక్కించి, చేతిలో పొడి బ్రష్షు పెట్టి చూసుకుని వెళ్ళారు. బోర్డు రాయమని ఒక్కరూ అడగలేదు. "అంత గొప్పాయన్ని మా గోడెక్కించడం బాగుండదండీ," అని చెప్పుల దుకాణం యజమాని ఆయన రాసిన బోర్డును భక్తిగా దింపి, లోపల అద్దం బిగించి పెట్టుకుని, బయట ఫ్లెక్సీ కట్టాడు. మిగతా దుకాణాలవాళ్ళూ భక్తిలో తీసిపోలేదు. ఏడాది తిరక్కుండా పెద్దాయనా, పక్క సందు ముగ్గురూ నిచ్చెనలు అమ్మేశారు. తొమ్మిదో గడి అక్షరం పొల్లుపోకుండా నిజమైనందుకు శాఖవారు ఆమె గ్రంథానికి ఉత్తమ పరిశోధన బహుమతి ఇచ్చారు.

పరిశోధకురాలికి ఉద్యోగం వచ్చింది, గది ఇచ్చారు. తలుపుకు పేరు బోర్డు కావాలి. ఫ్లెక్సీ దుకాణానికి వెళితే కంప్యూటరు ముందు పెద్దాయన కూతురు కూచుని ఉంది. పేరు కొట్టి, తలెత్తింది.

"నాన్న ఇంట్లో ఖాళీగానే ఉన్నాడక్కా. అడిగితే రాసిచ్చేవాడు."

"అయ్యో, అంతటివాణ్ణి ఇంత చిన్న పనికి ఎలా అడుగుతాను?" అంది పరిశోధకురాలు, నిజంగానే సిగ్గుపడుతూ. తర్వాత, చేత్తో రాసినట్టు కనిపించే అక్షరాలేమైనా ఉన్నాయా అని అడిగింది.