నేల మాట, బల్ల మాట, కుర్చీ మాట

గంగారత్నం అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది ఒక్కదానికే: ఇంగ్లీషులో పేరేమిటో తనకు తెలియని జబ్బు తన కొడుక్కి వస్తుందేమోనని. తుపానుకీ, కొల్లేటి ముంపుకీ, అత్తగారు మరిడమ్మకీ కూడా ఆమె ఇంతగా భయపడలేదు. తుపాను వస్తే ఎవరూ పేరు చెప్పమనరు.

మనిషి ప్రాణం నిలిచేది మందువల్ల కాదు, మాటవల్ల. ఈ పరమసత్యాన్ని కనిపెట్టింది ఏలూరు దాపున, కాలవ గట్టు మీద ఉన్న ఒక ధర్మాసుపత్రి (పేరు చెప్పను, చెబితే అదీ ఇంగ్లీషులో చెప్పమంటారు). రోగులు ఎక్కువై, డాక్టరుగారు ఒక్కరే కావడంతో, ఎవరిని ముందు చూడాలన్న చిక్కు వచ్చింది. జబ్బు ముదిరినవాణ్ణి ముందు చూడవచ్చు. కాని ముదిరిందో లేదో తెలియాలంటే ముందు చూడాలి గదా. అంచేత కాంపౌండరు సూర్రావుగారు శాస్త్రీయమైన పద్ధతి ఒకటి అమల్లో పెట్టారు. జబ్బు పేరు ఇంగ్లీషులో చెప్పాలి. ‘ఫీవర్’, ‘కాఫ్’ నేల మాటలు. అవి పలికినవాళ్లు వరండాలో నేల మీద కూర్చోవాలి. ‘డిసెంట్రీ’, ‘బ్రాంకైటిస్’ బల్ల మాటలు. ‘న్యుమోనియా’ కుర్చీ మాట. అది పలికినవాళ్లని నేరుగా డాక్టరుగారి ఎదుట కుర్చీలో కూర్చోబెడతారు. తెలుగులో చెప్పుకున్నవాళ్లని ఆరోగ్యవంతులుగా భావించి గేటు దగ్గరనుంచే సాగనంపుతారు.

గంగారత్నానికి ఇంగ్లీషు మొదటి వాచకం సగంలో ఉండగా పెళ్లయింది. వాచకం తమ్ముడికి పోయింది, ఆమె కొల్లేటి లంకకి వచ్చింది. ఇప్పుడు మిగిలిన సగంతో పనిలేకుండా ఏకంగా పై చదువులకి దిగింది. మిషను బడి మాష్టారు వరదానంగారు చెప్పేవారు. ఫీజు చేపల్లో. పరిగెలు ఇస్తే ‘కాఫ్’, ఓ మాదిరి జెల్ల ఇస్తే ‘బ్రాంకైటిస్’. చేప పెద్దదైన కొద్దీ మాటా పెద్దదయ్యేది. మంచి కొర్రమీను ఒకటి ఇచ్చాక గాని ఆయన ‘న్యుమోనియా’ నోరు విప్పి చెప్పలేదు.

ఆమె వడ్లు దంచుతూ వల్లించింది, వల బాగుచేస్తూ వల్లించింది, చంటివాడు పెద్దింటయ్యని జోకొడుతూ కూడా అవే వల్లించింది.

“పసివాడి చెవిలో ఆ రోగాలన్నీ ఎందుకే పొయ్యడం?” అంది మరిడమ్మ.

“పేర్లే అత్తా, రోగాలు కావు.”

“పేరు పెట్టి పిలిస్తే కుక్క కూడా వస్తుందే.”

ఆ లంకలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి వలలో పెద్ద చేప పడినా కోసి ఇంటింటికీ వాటా వెయ్యాలి. దాచుకున్నవాళ్ల గడప ఎవరూ తొక్కరు. గంగారత్నం ‘న్యుమోనియా’ని కొంగున ముడేసుకుని తిరుగుతోందని తెలిసి ఆడవాళ్లు ముఖం చాటెయ్యడం మొదలుపెట్టారు. చివరికి ఆమె దాన్ని కూడా ఇంటింటికీ వాటా వేసింది. నోరు తిరగని ముసలివాళ్లకి రెండు మూడు సార్లు వడ్డించింది.

తరవాత లంక లంకంతా కుర్చీ ఎక్కింది. పంటిపోటుతో ఒకడు, కాల్లో ముల్లు దిగి ఒకడు, అల్లుడితో తగువై నిద్ర పట్టక ఒకావిడ, అందరిదీ న్యుమోనియాయే. డాక్టరుగారు ముల్లు తీసి, పన్ను పీకి, పద్ధతి భేషుగ్గా నడుస్తోందని పైవాళ్లకి రాసుకున్నారు (ఒకే ఊరికి ఇన్ని న్యుమోనియాలు రావడం, అన్నీ నయమవడం జిల్లాలో ఎక్కడా లేదట).

వానలు పట్టాక ఒక తెల్లవారుజామున పెద్దింటయ్య పాలు ముట్టలేదు. ఒళ్లు కాలిపోతోంది, డొక్కలు ఎగరేస్తున్నాడు. మొగుడు కొండలరావు తాటిదోనె తోశాడు. దోనెలో గంగారత్నం ఏడవలేదు. ఆమెకు ఆ మాట వచ్చు.

“న్యుమోనియా అండీ,” అంది గేటు దగ్గర.

“ఎంత చక్కగా పలికావమ్మా,” అన్నారు సూర్రావుగారు మనస్ఫూర్తిగా. “కాని అది నేల మాట అయిపోయింది. మీ లంకవాళ్లు మరీ వాడేశారు.”

“వీడికి నిజంగా అదేనండీ. డొక్కలు చూడండి.”

“చూడ్డం డాక్టరుగారి పనమ్మా. నాది వినడం.”

“మరిప్పుడు కుర్చీ మాట ఏదండీ?”

“అది నేనే చెప్పేస్తే ఇంక పద్ధతి ఏముందమ్మా?”

ఆమె తనకొచ్చిన జబ్బు పేర్లన్నీ ఏకరువు పెట్టింది. సూర్రావుగారు ఓపిగ్గా విని, ఉచ్చారణ మెచ్చుకుని, నేల చూపించారు. లోపల కుర్చీలో తాడేపల్లిగూడెం ప్లీడరుగారు ఒకరున్నారు. పెళ్లి భోజనం అరక్క ‘హైపర్ క్లోర్ హైడ్రియా’ పట్టుకొచ్చారు. డాక్టరుగారు ఆ మాటని మరోసారి అనిపించుకుని ఆనందిస్తున్నారు.

కొండలరావు కొత్త మాట కోసం మాష్టారి దగ్గరికి దోనె తిప్పాడు. అంత మాటకి తగిన చేప ముందు పడాలి గనక, దారిలో వల వేసి కూర్చున్నాడు.

మీలో ఎవరికైనా అటువైపు పని ఉంటే, ఆ వరండాలో స్తంభం వారన కూర్చున్నావిడ దగ్గరికి దయచేసి ఒక్కసారి వెళ్లి రండి. ఆమెను ఏమీ అడగొద్దు. బెదిరిపోయి ఇంగ్లీషులో చెబుతుంది. పిల్లాడి మీది గుడ్డ తొలగించి డొక్కలు కదులుతున్నాయో లేదో చూడండి, చాలు.