గ్రూపులో రాజుగారి బొటనవేళ్లు

ఒక పెద్ద అడవిలో ఫోన్ సిగ్నల్ వచ్చింది. మర్నాటికల్లా ప్రజాస్వామ్యం కూడా వచ్చేసిందని నక్క చాటింపు వేసింది. నక్క అక్కడ మంత్రి. ఎవరు ఎన్నుకున్నారని నన్నడక్కండి, దాన్నే అడిగితే దగ్గొస్తుంది.

"ఇక సభలూ కేకలూ ఉండవు. ఫోన్లో గ్రూపు పెట్టాం. ఎవరి మాట వారు రాజుగారికే చెప్పుకోవచ్చు" అంది.

సింహం మురిసిపోయింది. మధ్యాహ్నానికి దుప్పి మెసేజ్ పెట్టింది: "ప్రభూ, మడుగు చుట్టూ కందకం తవ్వి పైన ఆకులు కప్పుతున్నారు. మా పిల్లలు నీళ్లెక్కడ తాగాలి?"

వెనకాలే కుందేలు అదే అడిగింది. ఏనుగూ అడిగింది. నిద్రలేచి ఏం జరుగుతోందో తెలియని ఎలుగుబంటి కూడా అడిగింది.

"వీళ్లకి నోళ్లు ఎక్కువయ్యాయి" అంది సింహం.

"మీరే మాట్లాడేట్టు, వాళ్లు బొటనవేలు ఎత్తేట్టు సెట్టింగు ఉంది ప్రభూ" అంది నక్క.

"వేలు కిందికి దించితే?"

"ఆ వేలు తీసేశాను."

అడవి మొత్తంలో బొటనవేలంటూ ఉన్నది కోతికే. అయినా "మడుగు ఇకమీదట రాజుగారి స్నానానికే" అని మెసేజ్ రాగానే గ్రూపు నిండా వేళ్లు లేచాయి.

"నువ్వూ నొక్కావా అక్కా?" అంది కుందేలు.

"నొక్కనివాళ్లింటికి నక్కబావ వస్తున్నాడే. ఫోన్ పాడైందా అని నన్నే అడుగుతాడు, చూపు మాత్రం నా పిల్ల మీద" అంది దుప్పి. ఆ పిల్ల నాలుక బయటపెట్టి పడుకుని ఉంది.

అప్పట్నుంచి ఏదొచ్చినా నొక్కడమే. చదవడం మానేశాక పని తేలికైంది.

ఒకరోజు సింహం స్నానానికి బయల్దేరింది. కందకం ఎక్కడుందో తవ్వించినవాడికి గుర్తుండాలి కదా. గుర్తులేదు. ఆకులతో సహా లోపల పడింది. పడ్డచోటు నుంచే మెసేజ్ పెట్టింది: "గోతిలో ఉన్నాను. వెంటనే రండి."

"రాజుగారేదో పెట్టారు" అంది దుప్పి.

"నొక్కేశాను" అంది కుందేలు.

"ఏం పెట్టారు?"

"చదవాలా?"

కాసేపటికి నక్క గట్టు మీద కనిపించింది. "శుభవార్త ప్రభూ! అడవంతా ఆమోదించింది."

"దేన్నిరా?"

"మీరు గోతిలో ఉండడాన్ని."

"ముందు నన్ను పైకి లాగు!"

నక్క గోతి లోతు చూసింది, ఖాళీగా ఉన్న సింహాసనం వైపూ చూసింది. "ప్రజాభిప్రాయాన్ని కాదనడానికి నేనెవర్ని ప్రభూ?" అని చక్కాపోయింది.

సింహం రెండు రోజులు అరిచింది. గొంతు పోయాక గత్యంతరం లేక ఆ సెట్టింగు తీసేసింది.

"మడుగు ఎవరిది ప్రభూ?" మొదటి మెసేజ్ దుప్పిదే.

"అందరిదీ!"

"కందకం?"

"పూడ్పించేస్తాను తల్లీ!"

"మీరు లోపలుండగానా, బయటికొచ్చాకా?" అని ఏనుగు అడిగింది. అది మర్యాదకే అడిగింది.

జవాబు వచ్చాకే ఏనుగు గోతిలోకి తొండం దించింది. అప్పటికే దుప్పిపిల్ల, ఆకులు పోయి బయటపడ్డ కందకం దూకేసి కడుపునిండా తాగి, మడుగులో దొర్లుతోంది.

నీతి: ప్రజల నోరు కట్టేయాలనుకునే రాజు, కనీసం తాను తవ్వించిన గోతులైనా గుర్తుపెట్టుకోవాలి.