వంతు రాని రక్తం

నోరున్న ప్రతివాడూ మాట్లాడకూడదన్నది పరిపాలనకు పునాది. ఆ క్రమశిక్షణను కంప్యూటర్లకు సైతం నేర్పిన ఘనత ఆ పెద్దాసుపత్రికే దక్కింది.

కంప్యూటర్లను ఒకదానితో ఒకటి తీగతో కలపడం అప్పుడే కొత్త. ఇంజనీరు వచ్చి రెండు పద్ధతులు చెప్పాడు. మొదటిదాంట్లో ప్రతి కంప్యూటరూ ముందు తీగను వింటుంది. ఎవరూ మాట్లాడకపోతే తాను మాట్లాడుతుంది.

"రెండు ఒకేసారి నోరు తెరిస్తే?" అన్నారు సూపరింటెండెంటు గారు.

"రెండూ ఆగిపోతాయి సార్. కాసేపాగి, దేనికది మళ్ళీ మొదలెడుతుంది."

"అందులో ఒకటి నాదైతే?"

"మీదీ ఆగుతుంది సార్."

ఆ పద్ధతి అక్కడికక్కడే తిరస్కరింపబడింది. (ఇంజనీరుకు కాఫీ కూడా రాలేదు.)

రెండోదాంట్లో తీగ గుండ్రంగా తిరిగి వస్తుంది. టోకెన్ అనే అనుమతి ఒకదాని నుంచి పక్కదానికి అందుతుంది. అది దక్కినదే మాట్లాడాలి, తక్కినవి నోరు మూసుకోవాలి. సూపరింటెండెంటు గారి కళ్ళు చెమర్చాయి. టోకెన్ తన గదిలోని కంప్యూటరు మీదుగానే సాగాలని ఉత్తర్వు వేశారు.

"మీది ఆపేస్తే అందరిదీ ఆగుతుంది సార్. మిమ్మల్ని దాటి వెళ్ళే ఏర్పాటు ఒకటుంది..."

"నేను లేకపోయినా పని జరిగితే, ఇక నేనెందుకయ్యా?"

ఇంజనీరు ఆ ఏర్పాటును పథకంలోంచి కొట్టేశాడు.

ఒక మధ్యాహ్నం ల్యాబులో పనిచేసే టెక్నీషియనమ్మ, పై అంతస్తు బాలింతకు ఏ రక్తం సరిపోతుందో తేల్చి మీట నొక్కింది. తెరమీద 'మీ వంతు రాలేదు' అని పడింది. అంతలో నర్సు ఫోను.

"అక్కా, రిపోర్టేదీ? మనిషి చల్లబడిపోతోంది!"

"పంపానే తల్లీ, టోకెన్ రాలేదు. నోటితో చెప్తా, రాసుకో."

"నోటిమాట చెల్లదు కదక్కా! డాక్టరు రక్తం ఎక్కించనంటున్నాడు."

అప్పటికే సూపరింటెండెంటు గారు తన కంప్యూటరు ఆపి, దుమ్ము పడకుండా గుడ్డ కప్పి, గదికి తాళం వేసి భోజనానికి వెళ్ళిపోయారు. టెక్నీషియనమ్మ కాగితం మీద ఫలితం రాసి, సంతకం గీకి, కొంగు బిగించి మెట్లెక్కింది. చెప్పు తెగింది, వదిలేసి పరుగెత్తింది. రక్తం ఎక్కింది. బాలింత కళ్ళు తెరిచి, "బిడ్డేదీ?" అంది. టెక్నీషియనమ్మ గోడకు చేరగిలబడి ఏడ్చేసింది.

మర్నాడు ఆమెకు మెమో అందింది: 'నెట్‌వర్కు ఉండగా కాళ్ళు ఉపయోగించినందుకు సంజాయిషీ ఇవ్వవలెను. రోగి బతకడం సంజాయిషీగా పరిగణింపబడదు.'