అన్నిటికీ పైన ఒక డబ్బా

ప్రభుత్వానికీ ప్రజలకూ మధ్య ఇక తెగని బంధం ఉంటుందనీ, దాన్ని కంప్యూటరే చూసుకుంటుందనీ మంత్రిగారు 2007లో గద్వాలలో ప్రకటించారు. అక్కడి సర్కారు ఆఫీసు గేటు ముందు జనానికి అర్జీలు రాసిపెట్టి బతికేవాణ్ణి నేను. నిజం చెప్పొద్దూ, ముందుగా చప్పట్లు కొట్టింది నేనే.

ఆఫీసులో పెట్టిన ఆ కంప్యూటర్ కేంద్రం పేరు 'ప్రజానుబంధం'. పేదల కార్డులన్నీ అందులోకి ఎక్కించారు. వనపర్తి నుంచి వచ్చిన ప్రోగ్రామర్ రాఘవేందర్ బోర్డు మీద బొమ్మ గీసి చూపించాడు. పైన ఊరి డబ్బా, దాని కింద కార్డుల డబ్బా, దాని కింద మనుషుల డబ్బా. వీటిని గీతలతో కలపడాన్ని మ్యాపింగ్ అంటారట.

మంత్రిగారు బొమ్మను చాలాసేపు చూశారు.

"దీంట్ల నేనేడున్న?"

"మీరు లేరు సార్. అవసరం పడలె."

ఈ మాట అన్నాక కూడా రాఘవేందర్ ఉద్యోగం నిలిచిందంటే అది మా ఆఫీసరుగారి చలవే. అప్పటికప్పుడు అన్నిటికీ పైన ఇంకో డబ్బా గీయించి, అందులో మంత్రిగారి పేరు రాయించారు. ఊళ్లన్నీ ఆయన కిందికి వచ్చాయి.

"పైది తీసేస్తే కిందియి ఉండాల్నా, పోవాల్నా సార్?" అని రాఘవేందర్ అడిగాడు. "ఏదో ఒకటి సెట్ చెయ్యాలె."

"సారే లేనంక మనమెందుకయ్యా? పోవాలె," అన్నారు ఆఫీసరుగారు.

"జర ఆలోచించుండ్రి సార్."

"పెట్టు."

ఏడాదికి మంత్రిగారి పదవి పోయింది. పాత పేరు ఎక్కడా కనపడొద్దని కొత్త మంత్రిగారు ఆదేశించారు. ఆఫీసరుగారు శిలాఫలకాలకు సున్నం కొట్టించి, కంప్యూటర్లోని పేరును స్వయంగా డిలీట్ చేశారు. పేరుతోపాటు ఊళ్లూ, కార్డులూ, మనుషులూ పోయారు.

"పాత కాపీ ఉంది సార్, ఎక్కిస్త," అన్నాడు రాఘవేందర్.

"దాంట్ల పాత సారు పేరుంటదా?"

"ఆయన వస్తెనే జనం వస్తరు."

"అయితే ఒద్దు."

ఆ సోమవారమే ఇటిక్యాల నుంచి ఖతీజాబీ వచ్చింది. ఆమె భర్త అబ్దుల్ మజీద్‌కు గుండె ఆపరేషన్. గురువారం పట్నం దవాఖానలో చేర్చాలి. కంప్యూటర్లో కార్డు ఉంటేనే చేర్చుకుంటారు. అర్జీ రాసిచ్చి, ఆమెను ఆఫీసరుగారి దగ్గరికి తీసుకెళ్లాను.

"నీ పేరు లేదమ్మా," అన్నారు ఆఫీసరుగారు.

"మా ఆయనది చూడుండ్రి సారూ."

"ఆయనది గూడ లేదు."

"మరి ఎవరిది ఉన్నది?"

ఆఫీసరుగారు కిందికీ పైకీ వెతికారు. పేదలు ఒక్కరూ లేరు. అంత ఆనందం ఆయన ముఖంలో నేనెన్నడూ చూడలేదు. పేదల సంఖ్య సున్నా అని మంగళవారం పైకి రిపోర్టు పంపారు. బుధవారం కొత్త మంత్రిగారికి సన్మానం పెట్టారు. పేదరికం నుంచి బయటపడ్డవాళ్లు ఒకరైనా వేదిక మీద ఉండాలి గదా. ఖతీజాబీ ఇంకా గేటు దగ్గరే కూర్చుని ఉంది. ఆమెను పైకి పిలిచి శాలువా కప్పారు.

"ఇంగ నువ్వు పేదదానివి కాదమ్మా," అన్నారు మంత్రిగారు.

ఆమె దిగి నా దగ్గరికి వచ్చింది. శాలువా మడిచి చేతిలో పట్టుకుంది.

"సారూ, రేపు దవాఖానల కార్డు అడిగితే, ఇది చూపిస్తె చేర్చుకుంటరా?"

నేను ఆమె అర్జీ తీసుకుని, అడుగున 'జతపరచినది: శాలువా ఒకటి' అని రాసి ఇచ్చాను.