నలుగురికి మించని సఫారీ

అహ్లోన్ రేవు తెలుగు వినోద సమాజం ఆఫ్రికా సింహాలను దర్శించాలని ఏకగ్రీవంగా తీర్మానించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అది రెండువేల ఇరవయ్యొకటి, వేసవి. బర్మాలో సైనిక పాలన వచ్చింది, మా యాంగోన్‌లో బ్యాంకులు మూసేశారు. ఇంటర్నెట్ ఉన్నప్పుడు ఉంటుంది. వీధికి అడ్డంగా ఇసుక బస్తాలు. విహారయాత్రకు ఇంతకన్నా మంచి రోజులు దొరకవు.

ఐదుగురు ఒకచోట గుమిగూడరాదని సైన్యం ఉత్తర్వు. సమాజం చట్టాన్ని గౌరవిస్తుంది కనుక సభ నలుగురు చొప్పున జరిగింది. అధ్యక్షులు ఊ కూర్మనాథంగారు ఒకే ఉపన్యాసం పదకొండుసార్లు ఇచ్చారు. ముందు బర్మావాళ్ల ‘ఊ’, వెనక మన ‘గారు’, రెండింటిలో ఏది తగ్గినా ఆయన పలకరు. “సభను అలంకరించిన ముగ్గురికీ నమస్కారం” అని మొదలుపెట్టేవారు. పదకొండోసారి తన మాటలకు తనకే కళ్లు చెమర్చాయి.

అసలు సంగతి మా పేట చిలకమ్మ కూతురు మల్లిక. సర్కారు ఆసుపత్రిలో నర్సు. సైన్యం గద్దెనెక్కగానే ఉద్యోగం మానేసి, ఊరేగింపుల్లో దెబ్బలు తిన్నవాళ్లకు కట్లు కట్టింది. ఆమె కోసం సైనికులు ఇంటికి రెండుసార్లు వచ్చి వెళ్లారు. చుట్టాలింట్లో దాక్కుందామంటే, రాత్రి ఉండే అతిథి పేరు పేట ఆఫీసులో రాయించాలి.

“అన్నియ్యా, పిల్లని మీ మద్దిలో ఎట్టుకుని దేశం దాటించండి. సంగం పేరు సెప్తే ఎవలూ అడగరు” అని చిలకమ్మ కూర్మనాథంగారి కాళ్లు పట్టుకుంది.

ఆయన రెండు రోజులు ఆలోచించారు. “ఇండియా అంటే అనుమానపడతారు. ఆఫ్రికా అందాం. పేనం కాపాడుకోడానికి సింగాల దగ్గరికి ఎవడెల్తాడు?” అన్నారు. ఆ క్షణాన నేను ఆయన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాను.

ఇక ఏర్పాట్లు. సఫారీ చొక్కాలకు ఆకుపచ్చ బట్ట ముట్టనని లత పేట బజారు దర్జీ చెప్పేశాడు. ఆ రోజుల్లో ఆ సైన్యపు రంగుకు వీధిలో మర్యాద లేదు. గులాబీ రంగు తీసుకున్నాం. సింహాలకు రంగులు పెద్దగా పట్టవని కార్యదర్శి బాబూరావు అధ్యయనం. సైన్యం పీడ వదలాలని ఊరంతా రాత్రి ఎనిమిదింటికి గిన్నెలు వాయిస్తోంది కనుక, సింహాన్ని తోలే అభ్యాసం కూడా అందులోనే కలిపేశాం.

బాబూరావు సఫారీ నియమాలు చదివి వినిపించాడు. వాహనం దిగరాదు. గట్టిగా మాట్లాడరాదు. కళ్లలోకి చూడరాదు. చీకటి పడేలోగా బసకు చేరాలి.

“ఇయ్యన్నీ మనకొచ్చినయ్యే గదా” అంది చిలకమ్మ. శిక్షణ తరగతులు రద్దయ్యాయి.

“బాబూరావు మామా, మీ టోపీ సూసి సింగమే సంగంలో సేరతానని అర్జీ ఎట్టుకుంటాది” అంది మల్లిక. నెల రోజుల తర్వాత ఆ పిల్ల నవ్వడం చూసి మాకందరికీ ప్రాణం లేచొచ్చింది.

ఆ హుషారులోనే కిటికీ సీటు తగువు మొదలైంది. కోశాధికారి మంగరాజు జిరాఫీ వైపు కావాలన్నాడు. అధ్యక్షులు ఏ వైపు కూర్చుంటే అదే జిరాఫీ వైపని తీర్మానం చేశాం. సర్కారుకు పెట్టే ప్రయాణ దరఖాస్తులో పేర్లు మా ఆనవాయితీ ప్రకారం హోదా వరసలో రాశాం: అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి, గౌరవ సలహాదారు. ఐదో పేరు మల్లిక, సాధారణ సభ్యురాలు.

అనుమతి వచ్చింది. బృందం నలుగురికి మించరాదని షరతు. నాలుగో పేరు కింద గుమాస్తా స్కేలు పెట్టి గీత గీశాడు.

ఒకరు తప్పుకుంటే చాలు. కానీ మా నియమావళి ప్రకారం పదాధికారిని తప్పించాలంటే సభ్యులందరూ ఒకేచోట కూర్చుని చేతులెత్తాలి. ఐదుగురు గుమిగూడితే జైలు. “వ్యక్తుల కోసం వ్యవస్థను బలిచేయలేం” అని కూర్మనాథంగారు నలుగురు చొప్పున అందరికీ వివరించారు. మల్లిక త్యాగానికి అభినందన తీర్మానం చేశాం. త్యాగం చేస్తున్నానని ఆ పిల్ల అనలేదు.

ఉదయం పదింటికి మింగళాడోన్ విమానాశ్రయానికి టాక్సీ ఎక్కాం. గులాబీ చొక్కాలు, మెడలో దండలు. చిలకమ్మ వచ్చి టాక్సీ ముందు నిలబడి గిన్నె వాయించడం మొదలుపెట్టింది. గిన్నె సొట్టలు పడేదాకా వాయించింది.

“సాగనంపే వాయిద్యం” అని అధ్యక్షులు డ్రైవరుకు చెప్పారు. డ్రైవరు బర్మావాడు. ఆ వాయిద్యం దేనికో వాడికి తెలుసు. అద్దంలో మావైపు ఒకసారి చూశాడు.

ఆ సాయంత్రమే మల్లిక ఒంటరిగా సరిహద్దు వైపు బస్సెక్కిందని తర్వాత విన్నాం. చేరిందో లేదో ఇప్పటికీ తెలియదు.

ఆఫ్రికాలో మొదటి రోజే ఏనుగుల మంద కనిపించింది. పెద్దవి చుట్టూ నడుస్తూ, పిల్లని మధ్యలో పెట్టుకుని బాట దాటించాయి. “ఏటి ఐకమత్యం” అని కూర్మనాథంగారు మెచ్చుకుని, సమాజం తరఫున ఏనుగులకు అభినందన తీర్మానం ప్రతిపాదించారు. నాలుగు చేతులు లేచాయి.

నాలుగోది నాది. గౌరవ సలహాదారును నేనే. సలహా ఎవరూ అడగలేదు, నేనూ ఇవ్వలేదు. మీరైతే టాక్సీ దిగి ఆ పిల్లకు చోటిచ్చేవారు, అందులో నాకు సందేహం లేదు. అయినా మీ సంఘం పట్టికలో మీ పేరు గీతకు పైనుందో కిందుందో ఒకసారి చూసుకోండి.