బండ, ఒకటి, ఎనభై నాలుగు కిలోలు

నీటి మీద తేలడానికి చెక్కకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ చెక్క మీద మనిషి కూర్చోగానే మాత్రం ప్రభుత్వం పుడుతుంది. నాగరికత చరిత్ర అంతా ఈ రెండు వాక్యాల్లోనే ఉంది. మూడో వాక్యం కావలసినవారు సొంత పడవల సమతూక ధ్రువీకరణ శాఖకు రెండు ప్రతులలో దరఖాస్తు చేసుకోవాలి.

ఈ సంగతి తలుపుల మేస్త్రికి తెలియదు. పాతికేళ్లుగా ఊళ్లో అందరికీ తలుపులు చేసి పెట్టిన మనిషి. తలుపుకు కావలసింది రెండు బందులు, ఒక గడియ, కాస్త ఓపిక, అంతే అని నమ్మేవాడు. (శాఖవారి దృష్టిలో తలుపు కూడా పడవే. ఇంకా నీళ్లలో పడలేదంతే.)

ఆయన పడవ కట్టింది సరదాకు కాదు, భార్య కోసం. ఆమె ఏటికి అవతలి ఒడ్డున ఆసుపత్రిలో నర్సు. ఏటి మీది వంతెనను మరమ్మతు కోసం మూసి నాలుగేళ్లయింది. మరమ్మతు చేసేవాళ్లు ఇటు ఒడ్డున ఉండిపోయారు, సామాను అటు ఒడ్డున ఉండిపోయింది, వంతెన మూసి ఉంది కనుక పని మొదలుకాలేదు. చుట్టూ తిరిగి బస్సులో వెళ్లడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు. ఈ నాలుగేళ్లలో మొగుడూ పెళ్లాం మాట్లాడుకున్నదంతా ఫ్రిజ్ తలుపు మీద అంటించిన చీటీల్లోనే. "కూర లోపల ఉంది." "తిన్నాను. ఉప్పెక్కువైంది." అదే ఏరు మోటారు పడవలో దాటితే పన్నెండు నిమిషాలు. అంటే రోజుకు మూడున్నర గంటలు భార్య తనకు మిగులుతుంది. మేస్త్రి ఈ లెక్క వేసుకున్న రోజే వెళ్లి ప్లైవుడ్ కొన్నాడు.

పడవ హాల్లో తయారైంది. చూడవచ్చినవాళ్లందరూ "ఇంత పడవని బయటికెలా తీస్తావయ్యా?" అని ముసిముసిగా నవ్వారు. ఆయన పడవ కంటే ముందే హాలుకు పడవ పట్టేంత తలుపు చేసి పెట్టుకున్నాడు. ఎంతైనా తలుపుల మేస్త్రి. సోఫా వంటింట్లోకి, వంటింటి బల్ల మేడ మీదికి వెళ్లిపోయాయి. హాల్లోంచి కదలనిది ఒక్కటే, బావమరిది.

ఇతన్ని ఇంటా బయటా 'బండ' అంటారు. చిన్నప్పుడు ఎవరో ముద్దుగా పెట్టిన పేరు, పెద్దయ్యేసరికి అర్హతగా మారింది. మూడేళ్ల కిందట అక్కను ఒకసారి చూసిపోదామని వచ్చి హాల్లో కుర్చీలో కూర్చున్నాడు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టు, పడవ కూడా అతని చుట్టూనే తయారైంది. బావమరిది బతకగోరతాడని సామెత. బండ కూడా బావ బతుకు కోరాడు, కుర్చీలోంచే.

రేవులో మొదటిసారి దించినప్పుడు పడవ కుడివైపు నాలుగు వేళ్లు ఒరిగింది. నడిపే చక్రం కుడిపక్క, కాబట్టి మేస్త్రి కుడిపక్క. బ్యాటరీ కూడా చేతికి అందుతుందని అటే పెట్టాడు. తలుపు చట్రాలు సరిచూసుకునే రసమట్టం తీసి పడవ మీద అడ్డంగా పెట్టాడు. గాజు గొట్టంలోని గాలి బుడగ అలిగిన అల్లుడిలా ఎడమ మూలకు పోయి కూర్చుంది. ఎడమ సీటు భార్యది, ఆమె డ్యూటీలో ఉంది.

"ఒరేయ్ బండా, కాసేపు మీ అక్క చోట్లో కూర్చోరా" అన్నాడు మేస్త్రి, పడవతో పాటే కుర్చీతో సహా రేవుకు చేరిన బావమరిదితో.

బండ కూర్చున్నాడు. బుడగ మెల్లగా జరుగుతూ వచ్చి సరిగ్గా రెండు గీతల మధ్య ఆగింది.

"చూశావా బావా, నా వల్ల ఒకటి నిలబడింది!" అన్నాడు బండ. ముప్పై రెండేళ్లలో ఆ మాట అనే అవకాశం అతనికి రావడం అదే మొదటిసారి.

మర్నాడు మేస్త్రి శాఖ కార్యాలయానికి వెళ్లాడు. అక్కడ ఫారం పదకొండు-క ను దరఖాస్తుదారు సొంతంగా నింపకూడదు. గుమాస్తా అడగాలి, దరఖాస్తుదారు చెప్పాలి, గుమాస్తా తలెత్తకుండా రాయాలి. (తలెత్తితే మొహమాటాలు పుడతాయని నియమావళిలో ఉంది.)

"పడవ ఒరక్కుండా ఎడమ పక్క ఏం పెట్టారు?"

"మా బండని పెట్టామండీ."

"ఎన్ని?"

"ఒకటే చాలండీ. ఇంకోటి ఉంటే మా కొంప మునుగుతుంది."

"బరువు?"

"ఎనభై నాలుగు కిలోలండీ, పొద్దున పూట."

బండ బరువు పూటపూటకీ మారుతుందని గుమాస్తాకు కొత్తగా తెలిసింది. పక్కన చిన్నగా రాసుకున్నాడు.

"ఎక్కడి సరుకు?"

"మా ఆవిడ పుట్టింటి వైపు నుంచండీ."

"అటు బండలు గట్టివే. కదులుతుందా?"

"కదిలే రకం కాదండీ. మేం చాలా ప్రయత్నించాం."

"అయితే ఇబ్బంది లేదు" అని గుమాస్తా ముద్ర కొట్టాడు.

ఇరవై మూడు రోజులకు అనుమతి పత్రం వచ్చింది. పత్రం ప్రకారం పడవలో ఉండవలసినవి: నడుపువారు, ఒకరు. స్థిర భారం: బండ, ఒకటి, ఎనభై నాలుగు కిలోలు. ప్రయాణికులు: లేరు. కింద షరతులు. బండకు తెల్లరంగుతో సంఖ్య వేయవలెను. పడవ నీటిలో ఉన్నంతసేపు బండ తన స్థానములో ఉండవలెను. బండ బరువులో రెండు వందల గ్రాములకు మించి తేడా రాకూడదు. మేస్త్రి పత్రాన్ని రెండుసార్లు చదివాడు. భార్యకు ఉన్న సీటు ఒకటే, అందులో ఇప్పుడు చట్టప్రకారం ఒక బండ ఉంది. ఆయనకు నెత్తిన పిడుగు పడ్డట్టయింది.

'పరిశీలకుడు వస్తాడుగా, మనిషని చూసి తప్పు దిద్దుతాడు' అని ఆశపడ్డాడు. పరిశీలకుడు కాటా మోయించుకుని వచ్చాడు.

"బండ ఏది?"

"నేనేనండీ" అని బండ చెయ్యెత్తాడు.

పరిశీలకుడు అతన్ని చూశాడు, ఫైలు చూశాడు, మళ్లీ అతన్ని చూశాడు.

"సార్, ఈయన మా బావమరిది. బండ అనేది ముద్దుపేరు" అన్నాడు మేస్త్రి.

"ఫైల్లో బండ అనే ఉంది. ఫైలు తప్పంటే మా పెద్దసారు సంతకం తప్పు. ఆయనకు వచ్చే నెల ప్రమోషను." పరిశీలకుడు కళ్లజోడు తుడుచుకున్నాడు. "మనిషిదేముంది, ఎలాగైనా సర్దుకుంటాడు. ఫైలు సర్దుకోలేదు కదా!" తర్వాత బండ వైపు తిరిగి మర్యాదగానే చెప్పాడు. "చూడండి, తనిఖీ అప్పుడు మీరు మాట్లాడకూడదు. బండలు మాట్లాడవు."

బండ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. అతని చొక్కా భుజం మీద తెల్లరంగుతో సంఖ్య వేశారు. కాటా సరిగ్గా ఎనభై నాలుగు చూపించింది. (పొద్దున పూట.)

అక్కడి నుంచి నెలనెలా తూకం. మొదటి నెల బండ నాలుగు వందల గ్రాములు పెరిగాడు. 'బండ పెరుగుటకు గల కారణము' తెలపమని నోటీసు. "మా బావ వంట బాగుంటుందండీ" అని బండ జవాబు రాయబోతే బండలు రాయవని వెనక్కి పంపారు. రెండో నెల జ్వరం వచ్చి రెండు కిలోలు తగ్గాడు. 'బండ అరుగుదల'కు గనుల నిపుణుడి ధ్రువపత్రం జతచేయమన్నారు. మేస్త్రి తలుపుల పని మానేసి బావమరిదిని అన్నం గిన్నెతో పాటు తూచడం మొదలుపెట్టాడు. బండ అయితే ఉతికినప్పుడు భుజం మీది సంఖ్య చెరిగిపోతుందేమోనని చొక్కా మార్చడం కూడా మానేశాడు. భార్య బస్సులోనే వెళ్తోంది, బస్సులోనే వస్తోంది. ఫ్రిజ్ మీద ఒక రోజు కొత్త చీటీ కనిపించింది. "పడవ ఏమైంది?" మేస్త్రి దాని కింద "పని మీద ఉంది" అని రాశాడు. రాసి, సిగ్గుపడ్డాడు.

సెలవు రోజున ఆమె స్వయంగా రేవుకు వచ్చింది. పడవను ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి పరికించి చూసింది.

"ఈ బ్యాటరీ బరువెంత?"

"పద్నాలుగున్నర కిలోలు."

"దీన్ని కుడి నుంచి ఎడమకి మారిస్తే? అటు పద్నాలుగున్నర తగ్గి, ఇటు పద్నాలుగున్నర పెరుగుతుంది. మొత్తం ఇరవై తొమ్మిది తేడా. నేను యాభై అయిదు. కలిపితే ఎంత?"

మేస్త్రి వేళ్ల మీద లెక్కపెట్టాడు. ఎనభై నాలుగు. బండను దింపారు, బ్యాటరీని మార్చారు, ఆమె ఎడమపక్క కూర్చుంది. బుడగ వచ్చి గీతల మధ్య నిలబడింది. మొగుడూ పెళ్లాం నాలుగేళ్ల తర్వాత ఒకే చోట, ఒకే మట్టంలో పక్కపక్కన కూర్చున్నారు. మేస్త్రికి కళ్లు చెమర్చాయి.

"ఇంత సులువా! నాకెందుకు తట్టలేదే?"

"నీకు నన్నడగాలని తట్టలేదు" అంది ఆమె.

ఒడ్డున బండ మాత్రం చిన్నబుచ్చుకుని నిలబడ్డాడు. మూడేళ్లలో అతను నిలబడగా చూడడం వాళ్లకదే మొదటిసారి.

స్థిర భారాన్ని తీసివేయడానికి ఫారం పద్నాలుగు ఉంది. అందులో ఒకే ఒక నిబంధన. తీసివేసిన భారాన్ని శాఖ ఆవరణలో జమచేసి రసీదు తీసుకోవాలి. లేకపోతే జనం అదే బండను ఇంకో పడవలో వాడుకుంటారట. అక్క గుండె బండ చేసుకుంది. ("గుండె కూడానా? దానికి వేరే ఫారం" అన్నాడు గుమాస్తా.) "నాలుగు రోజులేరా, నా సీటు మంజూరవగానే వచ్చి తీసుకెళ్తాం" అని తమ్ముడి తల నిమిరింది. "నా గురించి బెంగపెట్టుకోకే అక్కా. నువ్వు హాయిగా పడవలో తిరుగు, నాకదే చాలు" అన్నాడు బండ. రసీదు ఇచ్చారు. 'బండ, ఒకటి, ముట్టినది.'

ఆవరణలో మొదటిరోజే వాన పడింది. కాపలాదారు జాలిపడి బండను వరండాలోకి జరిపించాడు. వరండాలో అందరి కాళ్లకూ అడ్డమవుతున్నాడని లోపలికి రమ్మన్నారు. లోపల మూడో నంబరు కౌంటరు వెనక కుర్చీ ఆరేళ్లుగా ఖాళీగా ఉంది. బండ కూర్చున్నాడు. కౌంటరు వెనక ఒక మనిషి కూర్చుని ఉంటే జనం ఊరుకోరు, కాగితాలు ఇచ్చారు. అతను తీసుకున్నాడు. తీసుకుని, పక్కన పెట్టుకున్నాడు. పాత ఉద్యోగులకు ఏ తేడా కనిపించలేదు.

నెలాఖరు లెక్కల్లో ఆవరణలో ఒక బండ తక్కువ, కార్యాలయంలో ఒక మనిషి ఎక్కువ అని తేలింది. కొత్తగా ప్రమోషను వచ్చిన పెద్దసారు రెంటినీ సరిచేసి, మూడో కౌంటరు ఉద్యోగిని సీటు వదలనందుకు లిఖితపూర్వకంగా అభినందించారు.

ప్రయాణికుల సీటు మంజూరు చేసేది మూడో కౌంటరే. మేస్త్రి అర్జీ వెళ్లి ఏడు వారాలైనా ఉలుకూ పలుకూ లేదు. పడవ హాల్లోకి తిరిగొచ్చింది, సోఫా ఇంకా వంటింట్లోనే ఉంది. చివరికి మేస్త్రి భార్య తనే సెలవు పెట్టుకుని రెండు గంటలు బస్సులో ప్రయాణించి కార్యాలయానికి వెళ్లింది. మూడో కౌంటరు వెనక తమ్ముడు కనిపించేసరికి ఆమె ప్రాణం లేచొచ్చింది. కిటికీలోంచి చెయ్యి పెట్టి అతని చెయ్యి పట్టుకుంది.

"ఒరేయ్ తమ్ముడూ, ఇక్కడున్నావట్రా! ఇదిగో మా కాగితం, నీ ముందే ఉంది చూడు. సంతకం పెట్టరా, ఇద్దరం ఇంటికెళ్దాం."

బండ తలెత్తలేదు. మెల్లగా తన చెయ్యి విడిపించుకుని కాగితాల కట్టను ఎడమపక్క నుంచి కుడిపక్కకు జరిపాడు, కుడిపక్క ఎత్తయిందని మళ్లీ ఎడమపక్కకు పెట్టాడు. లైన్లో ఆమె తప్ప ఇంకెవరూ లేరు.

"లైన్లో రండి, మేడమ్" అన్నాడు.