మిల్లీ లేని చీటీ

ఆ ఉదయం మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే: సాయంత్రం ఆరింటికల్లా రేడియో పలకాలి. అది ఆయన భార్యది. ఆరింటికి వచ్చే పాటలు ఆమె ఒక్కనాడూ వదిలేది కాదు. ఆమె పోయిన నాలుగు నెలలకు, నిన్న మొదటిసారి స్విచ్చి వేస్తే, లోపలి ఫ్యూజు కాస్తా కాలిపోయింది.

కాలిన ఫ్యూజు మీది అంకె చూసి చీటీ రాసి, కరెంటు సామాన్ల కొట్లో ఇమ్మని, ఆఫీసుకు పరుగెత్తుతున్న కోడలి చేతిలో పెట్టారు. వెయ్యి మిల్లీ ఆంపియర్లు ఒక ఆంపియరని ముప్పై ఏళ్లు పిల్లల చేత వల్లె వేయించిన మనిషి ఆయన.

పదకొండింటికి వాకిట్లో వ్యాను ఆగింది. కొట్టాయన దిగాడు. మాస్టారి పాత శిష్యుడే. చేతిలో ఇటుకంత ఫ్యూజు, వెనక బండి చక్రమంత కేబుల్ చుట్ట.

"ఈ సైజు ఊళ్లో లేదు మాస్టారూ, ఫ్యాక్టరీ వాళ్ల కాళ్లావేళ్లా పడి తెచ్చా. మీ ఇంటి వైర్లు తట్టుకోవని కేబులూ పట్టుకొచ్చా."

వెనకే కరెంటాఫీసు ఇన్‌స్పెక్టరు. ముందుజాగ్రత్తగా ఆయనకు చెప్పిందీ కొట్టాయనే.

"అనుమతి లేకుండా అంత లోడు పెడితే వీధంతా చీకటైపోతుందండీ!"

పక్కింటాయన గోడ మీంచి తల ఎత్తాడు. "పిండిమర పెడుతున్నారా? నాకు చప్పుడు పడదని తెలుసుగా!"

"రేడియోకి," అన్నారు మాస్టారు.

"ఎంత గట్టిగా వింటారేమిటండీ మీరు!"

మాస్టారు చీటీ అడిగి తీసుకున్నారు. 500 ఆంపియర్లు. మిల్లీ లేదు. వెయ్యింతలు. ఆయన రాసిన ప్రతి చీటీనీ గడప దాటేలోపు భార్య చదివేది. జారిపోయిన మాట ఉంటే, పైకి అనకుండా చేర్చేది. తాను తప్పు రాయనని ఆయన ఇన్నాళ్లూ నమ్మింది అందుకే.

"ఒరేయ్, నీకు అనుమానం రాలేదూ?"

"వచ్చిందండీ. కానీ యూనిట్ల దగ్గర మిమ్మల్ని అనుమానించే ధైర్యం నాకెక్కడిది? నా సున్నాలన్నీ అక్కడివేగా!" అంటూ కొట్టాయన జేబులోంచి చిటికెన వేలి గోరంత గాజు ఫ్యూజు తీశాడు. "అందుకే ఇదీ తెచ్చా."

మాస్టారు ఎర్ర కలం తెచ్చి, చీటీ మీద తనకు తానే సున్నా వేసుకున్నారు.

ఆరింటికి రేడియో పలికింది. అప్పుడే ఇల్లు చేరిన కోడలు చెప్పులు విప్పడం మరిచి గుమ్మంలోనే నిలబడిపోయింది. సంగతంతా విని, "తొందరలో నేనూ చదవలేదు మావయ్యగారూ. ఇకనుంచి చదివే ఇస్తా. అత్తయ్యగారిలా," అంది.

ఆయన తల ఊపి, రేడియో శబ్దం కాస్త పెంచారు.

మర్నాటి చీటీలో మిరియాలు యాభై కిలోలని ఉంది.